ఒక్కరోజు రంగు

ఆర్మూర్ దాటి మెట్‌పల్లి దిక్కు పోయే దారిలో ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఎప్పుడన్నా వచ్చారా? కళ్లాల నిండా ఉడికిన పసుపు ఆరబోసి ఉంటుంది. చేన్ల గట్ల మీద, గుట్టల పొంటి మోదుగు చెట్లు ఆకు రాల్చి విరగబూసి ఉంటాయి. మా కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధన కేంద్రం ఉంది. 2025 జనవరిలో నిజామాబాద్‌లో జాతీయ పసుపు బోర్డు మొదలయ్యాక ఇక్కడ ఏ నలుగురు కూర్చున్నా ధర ముచ్చటే. ఇవాళ నేను ధర జోలికి పోను. పసుపును రంగుగా వాడుకునే తీరు గురించి మాట్లాడుకుందాం, ఎందుకంటే ఆ తీరు మన ఇళ్లలో మెల్లమెల్లగా మరుగున పడుతోంది.

తవ్వి తెచ్చిన పచ్చికొమ్ములో రంగు అంతటా ఒకేలా ఉండదు. ఉడకబెడితేనే లోపలంతా సమంగా పరుచుకుంటుంది. పది పదిహేను రోజులు ఎండి, డ్రమ్ములో తిరిగి పాలిష్ అయిన కొమ్మును పుటుక్కున విరిచి చూడండి, లోపల నారింజ ఛాయ మెరుస్తుంది. అదే కుర్కుమిన్. చాలా చెట్ల రంగులు పటికో మరొకటో తోడు లేనిదే బట్టను పట్టుకోవు. పసుపుకు ఆ తోడు అక్కర్లేదు. తెల్లచొక్కా మీద పప్పుచారు ఒలికిన ఇంటివాళ్లకు ఈ సంగతి నేను చెప్పాలా?

ఆ మరకకే సబ్బు రుద్దండి, ఎర్రబడుతుంది. సబ్బులోని క్షారం చేసే పని అది. సున్నం కలిపితే పారాణి అయ్యేదీ అందుకే. కొమ్ములను నిమ్మరసం, పటిక, వెలిగారంతో నానబెట్టి ఎండించి దంచితే కుంకుమ అవుతుంది. ఒక్క కొమ్ములోంచి పసుపూ కుంకుమా రెండూ తీసిన ఆడవాళ్ల పనితనం నాకు ఎంత తలచుకున్నా తీరని అబ్బురం. అయితే ఉతికిన ఆ చొక్కాను మిట్టమధ్యాహ్నం ఎండలో ఆరేసి చూడండి. మరక పలచబడిపోతుంది. వెలుతురు తగిలితే కుర్కుమిన్ విరిగిపోతుంది. పటిక వేసినా పసుపుకు ఈ గుణం పూర్తిగా పోదు.

కలంకారీ పనివాళ్లకు ఇది ఎప్పుడో తెలుసు. నిలిచే పసుపు రంగు కావలసినచోట వాళ్లు కరకపువ్వును, పటికను నమ్ముకున్నారు. ఇంట్లో చేసుకోవాలంటే దానిమ్మ తొక్క మేలు. పావుకిలో నూలు బట్టను కుంకుడు రసంలో ఉడికించి గంజి, జిడ్డు వదలగొట్టండి. కరక్కాయ పొడి కలిపిన నీళ్లలో నానేసి, పిండి, నీడన ఆరనివ్వండి. తర్వాత 40 గ్రాముల పటిక కరిగించిన వేడినీళ్లలో ఓ గంట ఉంచండి. తొక్కలు మరిగించి వడగట్టిన నీళ్లలో ఆ బట్టను వేసి, సన్నసెగ మీద తిప్పుతూ ఉండాలి. తిప్పకపోతే మచ్చలు పడతాయి. ఇనుప గిన్నె మాత్రం వద్దు. ఇనుము తగిలితే కరక్కాయ పట్టిన బట్ట నల్లబడుతుంది; తుప్పు ఇనుము, బెల్లం పులియబెట్టి కలంకారీకి నలుపు తీసేది ఈ కిటుకుతోనే.

పసుపుతో అద్దిన చీరలు, దుపట్టాలు సహజ రంగుల పేరుతో ఇప్పుడు బాగానే అమ్ముడుపోతున్నాయి. సంతోషమే. కానీ ఎండకు వెలుస్తుందని అమ్మేవాళ్లు ముందే చెప్పాలి. చెప్పకుండా అమ్మితే రెండు ఉతుకుల తర్వాత కొన్నవాళ్లకు పసుపు మీదే కాదు, చెట్ల రంగులన్నిటి మీదా నమ్మకం పోతుంది.

మరి పసుపు రంగు దేనికి పనికొస్తుందంటే, ఒక్కరోజు పండుగకు. హోళీ చూడండి, అక్కడ పసుపు కాదు, మోదుగు పూల రంగు, కానీ లెక్క అదే. మోదుగు పూలను రాత్రి నానేసి తెల్లారి మరిగిస్తే కుండెడు కాషాయం నీళ్లు. అది చల్లుకున్న పిల్లల ఒంటి మీద ఎన్నాళ్లు ఉండాలి? సాయంత్రం స్నానానికి పోతే చాలు. పూలు రాలే కాలంలో ఏరి నీడన ఎండబెట్టి దాచుకుంటే ఏడాదికి సరిపోతాయి.

నాకు అసలు మనసు పీకేది బతుకమ్మ విషయం. తంగేడు పువ్వుకు ఎవరూ రంగు వేయరు, దాని పసుపు దానికే ఉంది. తెల్లటి గునుగును మాత్రం పొట్లాల్లో దొరికే రంగుల్లో ముంచుతున్నాం. సాయంత్రానికి అదంతా చెరువులోకి పోతుంది, చేపలు బతికే నీళ్లలోకి, బర్రెలు తాగే నీళ్లలోకి. ఒక్క పూట ఉండే పువ్వుకు చెరగని రంగెందుకు? వెలిసిపోయే పసుపు ఇక్కడ సరిగ్గా సరిపోతుంది. గునుగు కట్టలను పసుపు నీళ్లలో ముంచితే బంగారు రంగు వస్తుంది. అదే నీళ్లలో చిటికెడు సున్నం వేస్తే ఇటుక ఎరుపు దిగుతుంది. పొట్లం రంగంత చిక్కగా, గులాబీగా రాదు, ఆ మాట ఒప్పుకుంటాను. పక్కన తంగేడు పేర్చినప్పుడు మాత్రం ఆ ఇటుక ఎరుపు నాకు పొట్లం గులాబీ కన్నా బాగుంటుంది.

ఈసారి ఎంగిలిపూల బతుకమ్మకు ముందురోజే రైతు దగ్గర కొన్న కొమ్ములు దంచి పెట్టుకోండి. బజారు పొడిలో ఏం కలుస్తుందో ఎవరు చూశారు? పూలను కాడ పట్టుకుని తలకిందులుగా ముంచి, విదిలించి, నీడన ఆరేయండి. సున్నం ఎక్కువైతే రంగు మరీ గోధుమగా తేలుతుంది, చిటికెడు చిటికెడే వేస్తూ చూసుకోండి.