అమ్మ, గ్రహణం, నా కెమెరా

మోదుగు పూసిందంటే నన్ను హుజూరాబాద్‌లో ఎవరూ పట్టలేరు. కెమెరా భుజాన వేసుకొని ఆదిలాబాద్ వైపు కుంతాల దాకా పోయేవాణ్ణి. ఆకు రాలిన కొమ్మలకు నిప్పంటుకున్నట్టుండే ఆ పూల ఫొటోలూ, బతుకమ్మ రోజుల నాటి తంగేడు, గునుగు ఫొటోలూ అమ్మ ఇష్టంగా చూసేది. 2020 జులైలో మబ్బుల సందున నియోవైజ్ తోకచుక్కను తీసి చూపిస్తే మాత్రం ముఖం తిప్పుకుంది. ఆకాశమంటే ఆమెకు భయం. కారణముంది.

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం అప్పటి ఆంధ్రప్రదేశ్ మీదుగా సాగింది. మా వైపు పూర్తిగా కాకపోయినా సూర్యుడు చాలా వరకు కప్పుకుపోయాడు. అప్పుడు అమ్మకు ఆరో నెల. ఆ మధ్యాహ్నం కత్తిపీట ముందు కూర్చొని వంకాయలు కోసింది. తమ్ముడు పై పెదవి చీలి పుట్టాడు. చూడవచ్చిన వారందరూ "గ్రహణం మొర్రి" అన్నారు. మన సంఘంలోని వారు కూడా అన్నారు, దాచడమెందుకు! తమ్మునికి ఆపరేషన్ అయింది, పెళ్ళయింది, పిల్లలున్నారు. అమ్మ మాత్రం ఆ కత్తిపీటను మరువలేదు.

2025 సెప్టెంబరు 7, ఆదివారం రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం. వారం ముందునుంచే నేను సిద్ధం. చిన్నమ్మాయి కాన్పుకు వచ్చి ఉంది, ఏడో నెల. "బాపూ, నేను సుత చూస్త" అంది. అమ్మ వచ్చి గడపకు అడ్డంగా కూర్చుంది.

"కొడుకా, నేను చేసిన తప్పు ఈ పిల్ల చేయొద్దు."

గ్రహణాలను గురించి ఎందరికో చెప్పినవాణ్ణి, నా బిడ్డ దగ్గరికి వచ్చేసరికి నోరు పెగలలేదు. నిజం చెప్పాలంటే నాకూ భయమేసింది. అమ్మాయి నర్సు. ఆమే పక్కన కూర్చొని చెప్పింది.

"బాపమ్మా, కడుపుల పై పెదవి మూడో నెల రాకముందే అతుక్కుంటది. గ్రహణం నాడు నీకు ఆరో నెల. చిన్నబాపు పెదవి అప్పటికే అట్లున్నది."

అమ్మ వేళ్ళు మడిచి నెలలు లెక్కబెట్టింది. రెండుసార్లు.

"అయితే వంకాయలతోని కాదా?"

పది కావస్తుండగా చంద్రుని అంచు నల్లబడింది. పదకొండుకు పూర్తిగా భూమి నీడలో మునిగి, కాల్చిన ఇటుక రంగుకు తిరిగింది. మన గాలిలోంచి వంగి వెళ్ళే ఎర్రని వెలుగు మాత్రమే అప్పుడు దాని మీద పడుతుంది గనుక ఆ రంగు. నిండు పున్నమి చంద్రుణ్ణి సెకనులో 250వ వంతులో తీయవచ్చు. దీనికి స్టాండు వేసి, ఒకటి రెండు సెకన్లు తెరిచి ఉంచాలి. మబ్బులు వచ్చిపోతూనే ఉన్నాయి. తీసిన 40లో 3 పనికొచ్చాయి.

అమ్మ బయటికి రాలేదు. చిన్నమ్మాయిని మాత్రం ఆపలేదు, శాలువా కప్పి పంపింది. పన్నెండున్నరకు స్టాండు మడిచి లోపలికి వస్తే ఇంకా మేలుకొనే ఉంది.

"తమ్మునికి ఫోన్ చెయ్యిరా" అంది.

"ఈ రాత్రప్పుడా?"

"చెయ్యి."