అడవిలో బంగాళాదుంప వేపుడు

మినియాపొలిస్ శివారులో ఒక మామూలు ఇంట్లో స్టీవెన్ షస్లర్ అనే ఆయన అడవి పెంచాడు. కుండీల్లో నాలుగు మొక్కలు కాదు, గదుల నిండా చెట్లు, పొగమంచు, నీటిధారలు, వాటి మధ్య పక్షులు, తాబేళ్ళు. అడవిలో కూర్చుని తినే హోటల్ ఒకటి పెట్టాలని ఆయన కోరిక. నోటిమాటగా చెబితే డబ్బున్నవాళ్ళు నమ్మరని ఇల్లే నమూనా చేసి చూపించాడు. ఆ ఇంటి కరెంటు వాడకం చూసి, లోపల ఏం సాగవుతోందో అని మాదకద్రవ్యాల నిఘావాళ్ళు అనుమానపడ్డారని ఆయనే చెప్పుకుంటాడు. అంత తేమలో ఉతికిన బట్టలు ఎలా ఆరేవో అన్నది నా అనుమానం. మొత్తానికి పట్టు విడవకుండా 1994లో ఆ రాష్ట్రంలోనే, మాల్ ఆఫ్ అమెరికాలో మొదటి రెయిన్‌ఫారెస్ట్ కఫే తెరిపించాడు. తర్వాత అలాంటి అడవులు చాలా ఊళ్ళలో మొలిచాయి. డాలస్ దగ్గర గ్రేప్‌వైన్ మిల్స్ అనే మాల్‌లో ఉన్న అడవికి మా మనవడి అయిదో పుట్టినరోజున మేమందరం వెళ్ళాం.

అప్పటిదాకా డాలస్ దగ్గరే ఉన్న ఫ్రిస్కోలో మా అమ్మాయి ఇంట్లో ఉంటూ మేం బయట తిన్నదల్లా దోసెలు, బిర్యానీలే. అమెరికా వచ్చి అమెరికా భోజనం చూడలేదని మావారు సణుగుతూనే ఉన్నారు. "అయితే ఈసారి అడవికే పోదాం మామయ్యగారూ" అని అల్లుడు టేబుల్ బుక్ చేశాడు.

లోపల నిజంగానే బాగుంది. తలమీద ఆకులు, తీగలు, ఎక్కడినుంచో నీళ్ళు పడుతున్న చప్పుడు, రంగురంగుల చేపలున్న పెద్ద గాజు తొట్లు. మూలగా గొరిల్లాలు, వాటికి కొంచెం దూరంలో చెవులాడించే ఏనుగులు. అన్నీ మరబొమ్మలే. కానీ ఆ గుడ్డివెలుతురులో ఏనుగు తల తిప్పి చూసేసరికి మావారు మర్యాదగా కాస్త పక్కకి జరిగారు. మనవడు "తాతయ్యా, అది బొమ్మ" అని ధైర్యం చెప్పాడు. ఆ ధైర్యం ఎంతసేపు నిలిచిందో తర్వాత చెబుతాను.

మెనూ తెరిచాను. తేనె, దుంపలు, వెదురుబొంగులో కాల్చిన మాంసం, కనీసం ఒక పనసపండు తొనో ఉంటాయని నా ఊహ. అమ్మాయి చదివి తెలుగులో చెప్పుకుంటూ పోయింది: బర్గర్లు, పాస్తా, రొయ్యల వేపుడు, కోడిముక్కలు, బంగాళాదుంప వేపుడు. పేర్లకి మాత్రం అడవి వేషం కట్టారు. పిల్లల పళ్ళెంలో కోడిముక్కలు డైనోసార్ ఆకారంలో ఉంటాయట.

ఇది ఆ ఒక్కచోటి సంగతి కాదు. ఈ థీమ్ రెస్టారెంట్లన్నిటిలోనూ ఊహ వంటింటి గడప దాకా వచ్చి చెప్పులు విడిచి అక్కడే కూర్చుంటుంది. హైదరాబాద్‌లో జైలు హోటళ్ళున్నాయి. ఊచల వెనక కూర్చోబెడతారు, ఖైదీ బట్టలు తొడుక్కున్న కుర్రాడు వడ్డిస్తాడు. తీరా పళ్ళెంలోకి వచ్చేది అరబ్బు వంటకం మందీ. కూకట్‌పల్లిలో బొమ్మరైలు కూతపెట్టుకుంటూ టేబుల్ దగ్గరికి వచ్చి ఆగుతుంది. అందులో దిగేది చికెన్ 65. రైలు ప్రయాణాల్లో మనం తిన్న పూరీ కూర పొట్లం, మట్టిముంతలో చాయ్ ఏమయ్యాయి? గుహ కట్టినా, ఓడ కట్టినా, దెయ్యాల కొంప కట్టినా పనీర్ బటర్ మసాలా మాత్రం అదే.

వేషానికి తగ్గ తిండి పెట్టిన చోటు నాకు తెలిసి ఒకటుంది. సంగారెడ్డిలో నిజాం కాలంనాటి జైలుని మ్యూజియం చేసి, 2016లో తెలంగాణ జైళ్ళ శాఖ ఒక పథకం పెట్టింది. 500 రూపాయలు కడితే 24 గంటలు లోపల ఉంచేవారు. ఖైదీ బట్టలే కట్టుకోవాల్సి వచ్చేది, జైలు కూడే తినాల్సి వచ్చేది. అంతకంటే నిజాయితీ అయిన థీమ్ ఏముంటుంది? అయినా అక్కడికి కేకు పట్టుకుని పుట్టినరోజు చేసుకోవడానికి వెళ్ళిన కుటుంబం మా బంధువర్గంలో ఒక్కటీ లేదు.

ఇదంతా పైకే అన్నాను. అని, ఊహంటే మాయాబజార్‌ది అని కూడా అన్నాను. 1957లో కె.వి. రెడ్డిగారు, కెమెరా పట్టిన మార్కస్ బార్ట్‌లే కలిసి ఘటోత్కచుడి వేషంలో ఎస్వీ రంగారావుగారిని పెళ్ళివంటల మధ్య కూర్చోబెట్టారు. లడ్లు వాటంతటవే లేచి ఆయన నోట్లోకి వెళతాయి. ఇన్నేళ్ళయినా తెలుగువాళ్ళకి ఆ దృశ్యం చూస్తే ఆకలి వేస్తుంది. మాయంతా తిండిలోనే ఉంది. ఆ గది గోడలెలా ఉన్నాయో ఎవరికైనా గుర్తుందా?

మావారు కళ్ళజోడు సవరించుకున్నారు. ముప్ఫైయేళ్ళు పాఠాలు చెప్పిన మనిషి, జవాబు ముందే ఉంటుంది.

"గోడల సంగతి తర్వాత. మెనూ చెప్పు. ద్వాపరయుగం, రాక్షసుడు, మాయా శశిరేఖ, తనంతట తానే చుట్టుకునే కంబళి. ఇంత చేసి విస్తట్లో వడ్డించిందేమిటి? మన తెనాలి పెళ్ళి భోజనం. పైగా శర్మ, శాస్త్రి కలిసి గోంగూర కావాలని పట్టుబట్టారు. కౌరవుల పెళ్ళిలో గోంగూరేమిటని ఏ తెలుగువాడైనా అడిగాడా?"

అల్లుడు పకపకా నవ్వాడు. మామగారి పక్షాన అంత గట్టిగా నవ్వనక్కర్లేదు. నేను నోరు తెరిచేలోపు దీపాలు మసకబారాయి.

అక్కడ ఉండుండి ఒక తుఫాను వస్తుంది. మెరుపులు మెరిశాయి, ఉరుము గుండెల్లో పడ్డట్టు వినిపించింది. గొరిల్లాలు గుండెలు బాదుకున్నాయి, ఏనుగులు ఘీంకరించాయి. పక్క టేబుల్ పిల్లలు కేరింతలు కొట్టారు. తాతకి ధైర్యం చెప్పిన మావాడు టేబుల్ కింద నుంచి పాక్కుంటూ వచ్చి నా కొంగులో దూరాడు. "అమ్మమ్మా, ఇంటికెళదాం" అన్నది ఒకటే మాట. అమ్మాయి బుజ్జగించింది, అల్లుడు ఆ గొరిల్లాల వెనక వైర్లు ఉంటాయని సాంకేతికంగా వివరించాడు. వాడు వినలేదు. భయపడ్డ పిల్లవాడికి వైర్ల సంగతి ఎందుకు?

సరిగ్గా అప్పుడు వాడి పళ్ళెం వచ్చింది. కొంగులోంచి ఒక చెయ్యి బయటికొచ్చి బంగాళాదుంప ముక్క ఒకటి తీసుకుంది. కొంచెం ఆగి ఇంకొకటి. తర్వాత తల వచ్చింది. ఎప్పుడూ తినే ఉప్పు, ఎప్పుడూ తినే సాస్. నాలుగు ముక్కలయ్యాక వాడు నా ఒళ్ళో కూర్చునే గొరిల్లాలవైపు చూడటం మొదలుపెట్టాడు. డైనోసార్ కోడిముక్కకి ముందు తల కొరికాడు. రెండో తుఫాను వచ్చేసరికి ఒక చేత్తో నా గాజులు పట్టుకుని, ఇంకో చేత్తో వేపుడు ముక్క పట్టుకుని, కూర్చున్నచోటే కూర్చున్నాడు.

ఆ పళ్ళెంలో దుంపలో, వెదురుబొంగు కూరో ఉండి ఉంటే మేం ఆ రెండో ఉరుము వినకుండానే కారెక్కేవాళ్ళం. చుట్టూ అంతా కొత్తదైనప్పుడు నోట్లోదైనా పాతది కావాలి. ఈ కిటుకు షస్లర్‌కి తెలిసే ఉంటుంది, లేకపోతే అన్నేళ్ళు ఇంట్లో అడవి పెంచుకున్నవాడికి నాలుగు అడవి వంటకాలు తోచకపోతాయా? మాయాబజార్ మాటలు రాసిన పింగళి నాగేంద్రరావుగారికీ తెలుసు. ఘటోత్కచుడి ముందు ఎవరికీ తెలియని దేవలోకపు వంటకాలు పెట్టి ఉంటే మనకి నోరూరేది కాదు. మన లడ్డు మన కళ్ళముందు గాల్లోకి లేచింది గనకే మాయ.

ఆ మాటకొస్తే మా పెద్దవాళ్ళ సంగతేమిటి? విమానం ఎక్కేముందు నేను ఏం సర్దాను? ఆవకాయ, కందిపొడి, చల్లమిరపకాయలు, అవి కారిపోకుండా మూడు కవర్లు. డాలస్ విమానాశ్రయంలో కస్టమ్స్ అధికారి "ఇదేమిటి" అని అడిగితే మావారు పదినిమిషాలు కందిపొడి మీద ఉపన్యాసమిచ్చారు. ఆ అధికారి భరించలేక వదిలేశాడు. వెడల్పాటి రోడ్లు, మనిషి కనపడని వీధులు, వాటంతటవే తెరుచుకునే తలుపులు చూసి వచ్చిన ప్రతి సాయంత్రం మేం కందిపొడీ నెయ్యీ కలుపుకుంటున్నాం. మనవడి బంగాళాదుంపని ఆక్షేపించే అర్హత మాకెక్కడిది?

ఇదంతా మావారితో అనలేదు. ఆయన గెలిచినట్టవుతుంది.

చివర్లో అగ్నిపర్వతం తెప్పించారు. చాక్లెట్ కేకు ముక్కలు గోపురంగా నిలబెట్టి, మధ్యన ఐస్‌క్రీం, పైన చిచ్చుబుడ్డిలా మెరుస్తూ ఒక కాకరపువ్వొత్తి. తెస్తూ తెస్తూ వడ్డించే అమ్మాయి హాలంతా అదిరేలా "వాల్కేనో" అని అరిచింది. ఈసారి మావాడు దడుచుకోలేదు, వాడూ అరిచాడు. మావారు "మధుమేహం" అని గొణిగి మూడు చెంచాలు తిన్నారు.

బయటికి వచ్చే దారి బొమ్మల కొట్టులోంచే. లోపలికి వెళ్ళేటప్పుడు కూడా అందులోంచే వెళ్ళాం గానీ అప్పుడు పిల్లవాడి చూపు ఏనుగుల మీద ఉంది. ఇప్పుడు వాడికి ఎర్రకళ్ళ చెట్టుకప్ప కావాలి. ఈ ఏర్పాటు మన గుళ్ళ దగ్గర కూడా ఉన్నదే, దర్శనమయ్యాక బొమ్మల వీధి దాటకుండా చెప్పుల స్టాండు చేరలేం. కప్ప ఖరీదుని మావారు మనసులోనే రూపాయల్లోకి మార్చుకోవడం ఆయన పెదవుల కదలికలో తెలిసిపోయింది. అయినా ఆయనే కొన్నారు.

మర్నాడు రాత్రి ఇంట్లో పప్పన్నం దగ్గర గొడవ మొదలైంది. వాడు నోరు తెరవడు. "తాతయ్యా, ముందు ఉరుము" అంటాడు. ఫోన్లో ఉరుము పెట్టబోతే అది పనికిరాదన్నాడు. పాఠాలు చెప్పిన పెద్దమనిషి లేచి, హాలు లైటు ఆర్పి వెలిగించి, స్టీలు పళ్ళెం మీద గరిటెతో దబదబా బాదారు. వాడు కిందామీదా పడి నవ్వి ఒక ముద్ద తిన్నాడు. రెండో ముద్దకి గొరిల్లా కూడా కావాలన్నాడు. ఆయన గుండెలు బాదుకోవడం మొదలుపెట్టారు. పై గదిలో ఆఫీసు మీటింగులో ఉన్న అల్లుడు తలుపు తెరిచి తొంగిచూశాడు. అమ్మాయి మాత్రం ఒకటే అడిగింది, ఆ పళ్ళెంలోంచి కార్పెట్ మీదికి ఎగిరిన పప్పు ఎవరు తుడుస్తారని.