మగ్గంగుంట మీద మంచం

సూరత్ నగరంలోని లింబాయత్ ప్రాంతంలో తెలుగు నేతకుటుంబాలు నివసించే వాడల్లో రాత్రికీ పగటికీ భేదం తక్కువ. సమీపంలోని మరమగ్గాల చప్పుడు ఆగదు. 12 గంటల పాళీ ముగించుకొని ఒకరు ఇంటికి చేరే వేళకు మరొకరు పనికి బయలుదేరుతారు. అటువంటి వాడలో పుట్టి, నగరపాలక సంస్థ నడిపే తెలుగు పాఠశాలలో అక్షరాలు దిద్దుకొని, ఆపై చదువును గుజరాతీలో సాగించి, వాణిజ్యశాస్త్రంలో డిగ్రీ రెండవ సంవత్సరం పూర్తిచేసిన యువకుడొకడు ఇటీవలి ఒక వేసవిలో తన పూర్వుల గ్రామానికి వచ్చాడు. వరంగల్లుకు కొద్ది దూరంలోని చిన్న ఊరది. అక్కడ అతని నాయనమ్మ ఒంటరిగా ఉంటుంది.

సూరత్ నుంచి నవజీవన్ ఎక్స్‌ప్రెస్ నందుర్‌బార్, భుసావల్ మీదుగా సాగి, బల్లార్షా దాటి తెలంగాణలో ప్రవేశిస్తుంది. సూరత్‌కూ మనకూ మధ్య రాకపోకలు కొత్తవి కావు. 17వ శతాబ్దంలో వజ్రాల కోసం వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే సూరత్ నుంచి గోల్కొండకు పోయే మార్గాన్ని తన యాత్రాగ్రంథంలో వివరంగా వర్ణించాడు. ఇంగ్లీషు కంపెనీ వారు 1611లో మచిలీపట్నంలోనూ, 1613లో సూరత్‌లోనూ వర్తక స్థావరాలు నెలకొల్పినప్పుడు వారి దృష్టిని ఆకర్షించిన సరుకుల్లో మన నేతబట్టలు ముఖ్యమైనవి. ఆనాడు నేతబట్ట కోసం వర్తకుడు సముద్రాలు దాటి వచ్చాడు. మన కాలంలో నేతగాడే పని వెదుక్కుంటూ సూరత్ చేరాడు. నూలు ధరలు పెరగడం, సహకార సంఘాలలో పని కొరవడటం, మరమగ్గం బట్టతో పోటీ పడలేకపోవడం వల్ల కరీంనగర్, వరంగల్లు, నల్లగొండ జిల్లాల పద్మశాలి కుటుంబాలు ఎన్నో షోలాపూర్‌కు, భివండీకి, సూరత్‌కు తరలిపోయాయి. తమ చేతిమగ్గాన్ని మూలకు నెట్టిన సాంచాలనే నడపడానికి వారు వెళ్లవలసి రావడం ఈ వలసలోని విడ్డూరం.

మొదటి రాత్రి ఆ యువకునికి నిద్ర రాలేదు. ముందుగదిలో నులకమంచం వేసి, తలుపు తెరచి ఉంచింది నాయనమ్మ. గాలి చల్లబడింది. అయినా అతడు అర్ధరాత్రి దాకా అటూ ఇటూ దొర్లుతూనే ఉన్నాడు.

“నిదుర వడతలేదా బిడ్డా?” అని అడిగింది ముసలామె.

“చప్పుడు లేదవ్వా” అన్నాడు.

ఆమె నవ్వింది కాని, మారు మాట్లాడలేదు.

వారం గడిచేసరికి అతనికి ఆ ఊరు అలవాటయింది. పొద్దున్నే వేపచెట్టు కిందికి చేరడం, ముంజలు కొట్టించుకొని తినడం, మధ్యాహ్నపు ఎండకు గదిలో పడుకోవడం, పొద్దు వాలాక తొలకరి కోసం దున్ని ఉంచిన చెలకల వైపు నడిచిపోవడం దినచర్య అయ్యాయి. వెంట తెచ్చుకొన్న గణకశాస్త్ర పుస్తకం సంచిలోనే ఉండిపోయింది. ఇక్కడ ఎంత ప్రశాంతంగా ఉందో చెప్పలేనని సూరత్‌లోని మిత్రునికి ఫోనులో చెప్పాడు. గ్రామసీమల ప్రశాంతతను కీర్తించే రచనలకు మనకు కొదవలేదు. ఆ ప్రశాంతత ఎక్కడి నుంచి వచ్చిందని అడిగిన రచనలు మాత్రం అరుదు.

ఆ ప్రశ్న అతనికి తట్టడానికి కారణం మంచంకోడు. ఎన్నిమార్లు సర్దినా ఒక కోడు నిలకడగా ఉండేది కాదు. వంగి చూస్తే నున్నని బండల నడుమ గరుకుబండ ఒకటి కుంగి ఉంది. అది మగ్గంగుంటను పూడ్చిన చోటని నాయనమ్మ చెప్పింది. తాత ఆ గుంటలో కాళ్లు పెట్టి కూర్చొని నేసేవాడు. ఆమె పక్కనే కండెలు చుట్టేది. ఎండ ముదరకముందే ఆ వీధి పొడుగునా పడుగులు సాచి గంజి పెట్టేవారు. అన్ని ఇళ్లలో నాడెలు ఒక్కసారి ఆడితే ఎదుటి మనిషి మాట వినబడేది కాదట. ఇప్పుడా వీధిలో సగం ఇళ్లకు తాళాలు.

1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు సోకి జనం లక్షల సంఖ్యలో నగరం విడిచినప్పుడు అతని తండ్రి కూడ ఊరికి వచ్చాడు. అప్పటికి పెళ్లి కాలేదు. రెండు నెలలు ఈ మగ్గం మీదే నేసి, వచ్చిన కూలి చూసుకొని, మళ్లీ రైలెక్కాడు. గీసుగొండ, సంగెం మండలాల పరిధిలో 2017లో కాకతీయ మెగా వస్త్ర పరిశ్రమల పార్కుకు శంకుస్థాపన జరిగినప్పుడు, సూరత్ వంటి చోట్లకు వలసపోయిన నేతగాండ్రను తిరిగి రప్పించడం దాని ఆశయాల్లో ఒకటని ప్రకటించారు. తండ్రి ఆ వార్తను శ్రద్ధగా విన్నాడు. పిల్లల చదువు సూరత్‌లోనే ఉందన్నాడు.

ఒక మధ్యాహ్నం నాయనమ్మ రేకుపెట్టెలోంచి పాత ఇన్లాండు ఉత్తరాల కట్ట తీసి మనుమని చేతికిచ్చింది. ఆమెకు చదువు రాదు. అతనికి తెలుగు చదవడం వచ్చు కాని, ఏళ్ల తరబడి వదిలేసినందువల్ల కూడబలుక్కోవలసి వచ్చింది. సాంచాల మోతకు రాత్రుళ్లు కన్ను మూతపడటం లేదని తండ్రి ఒక ఉత్తరంలో రాశాడు. ఒకే చాపను పగటి పాళీవారు, రాత్రి పాళీవారు వంతులవారీగా పంచుకొంటున్నారని కూడ రాశాడు. ఆ మోత లేకనే తనకు నిద్ర పట్టలేదన్న సంగతి కుమారునికి గుర్తుకు వచ్చింది.

ప్లేగు తరువాత రాసిన ఉత్తరం చివర, రెండేళ్లలో తిరిగి వస్తాననీ, అందాకా మగ్గాన్ని అమ్మవద్దనీ ఉంది. యువకుడు ఆ వాక్యాన్ని తనలో చదువుకొని, పైకి చదవకుండా ఉత్తరం మడిచాడు.

“ఆఖరు మాట ఇడిచినవు. అది గూడ సదువు” అన్నది ముసలామె.

అతడు తిరిగి విప్పి చదివాడు. తాత పోయిన ఏడాది తానే గుంట పూడ్పించానని, మగ్గం కర్రలు పొయ్యిలోకి పోయాయని ఆమె చెప్పింది. ఆ సంగతి కొడుకుకు ఇంతవరకు తెలియజేయలేదట.

కట్టలోంచి మరో ఉత్తరం తీసి మనుమనికి అందించింది.