మా అక్క నాడి

"ఒరే తమ్ముడా, రొమ్ములో పిట్ట తపతపలాడినట్టుందిరా" అని మా అక్క అన్నప్పుడల్లా నా దగ్గర ఒకటే జవాబు: "దిగులు మానుకో, దడ తగ్గుతుంది." బావ పోయిన దుఃఖంలో ఉంది గనుక అలా అనడం నాకు సులువైంది. రెండేళ్లు అలాగే గడిచాయి. 2019 వేసవిలో ఒక ఉదయం ఆమె చేతిలోంచి కాఫీ లోటా జారింది, మూతి ఒక పక్కకు వాలింది. హోసూరు నుంచి బెంగళూరుకు తీసుకువెళ్లాం. ఇ.సి.జి. చూసి డాక్టరుగారు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అన్నారు. గుండె పైగదులు లయగా ముడుచుకోక వణుకుతాయట. అక్కడ నిలిచిన నెత్తురు గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు చేరింది.

కణాల మీద స్ట్రెస్ కూడా ఒక కారణమని ఆయన అన్న మాట పట్టుకుని, నేను చెప్పింది నిజమే కదా అని మనసుకు సర్దిచెప్పుకున్నాను. జీవకణాల మీద పరిశోధన చేస్తున్న అక్క కూతురు ఆ ఊరట కాస్తా తీసేసింది.

"మామా, కణం పడే ఒత్తిడి వేరు, మనం పడే దిగులు వేరు. అమ్మకు ఏళ్లుగా బీపీ. గురక పెడుతూ పెడుతూ నిద్రలో ఊపిరి ఆగిపోయేది. గుండె కణానికి ఒత్తిడి అంటే అది."

నాకు తెలియాలని మా ఊరి చెరువుతో పోల్చి చెప్పింది. గుండె కణంలో కాల్షియం నిలవుండే చిన్న చెరువు ఉంది. దాని తూము రయనొడీన్ రిసెప్టర్. తూము తెరుచుకుంటే కణం ముడుచుకుంటుంది; కాల్షియం తిరిగి చెరువు చేరితే సడలుతుంది. ఇలా రోజుకు దాదాపు లక్షసార్లు. తూము దగ్గర క్యామ్ కైనేజ్ అనే ప్రోటీన్ నీరుగంటి పని చేస్తుంది. గుండెకు పని పెరిగినప్పుడు తూముకు ఫాస్ఫేటు తగిలించి మరికాస్త తెరిపిస్తుంది. ఆ ఫాస్ఫేటు వచ్చేది ఏ.టి.పి. నుంచి. 1929లో దాన్ని కనుగొన్నవారిలో మద్రాసు మెడికల్ కాలేజీలో చదివిన మన ఎల్లాప్రగడ సుబ్బారావు ఒకరు.

పని తీరాక నీరుగంటి ఊరుకోవాలి. కాని ఒత్తిడి నిలిచిపోతే కణంలో ఆక్సిజన్ తాలూకు చురుకైన అణువులు పెరిగి నీరుగంటినే మార్చేస్తాయి. ఇక కాల్షియం తగ్గినా అది పని మానదు. ఈ సంగతి 2008లో బయటపడింది. తూము వేళ కాని వేళ కారుతుంది. కారిన కాల్షియాన్ని బయటికి నెట్టేటప్పుడు కణం ఒక్కో కాల్షియానికి మూడు సోడియం అయాన్లను లోపలికి రానిస్తుంది. ఆ విద్యుత్తే అకాల స్పందనను పుట్టిస్తుంది. వణుకు మొదలయ్యేది తరచు ఇలాంటి స్పందనలతోనే.

"మరి దిగులుకు పాత్రే లేదా?" అని అడిగాను, కొంచెం ఆశతో.

"ఉంది మామా. అడ్రినలిన్ పెరిగితే చెరువు మరింత నిండి కారుడు ఎక్కువవుతుంది. కాని కారే తూమును వదిలేసి, చెరువును దిగులుపడొద్దు అంటే ఏం లాభం?"

ఇంకొకటి కూడా చెప్పింది. 1995లో హాలండులో మేకల మీద చేసిన ప్రయోగంలో వణుకు ఎంతకాలం సాగితే అంత మొండికేసిందట. మా రెండేళ్లు ఎంత మొండితనం పెంచాయో నేను అడగలేదు, ఆ పిల్ల చెప్పలేదు.

గుండెలో ఆ నీరుగంటిని మాత్రమే అదుపు చేసే మందు ఇంకా వైద్యుల చేతికి రాలేదు. అక్క నెత్తురు గడ్డకట్టకుండా మాత్ర వేసుకుంటుంది. బీపీకి మందు, నిద్రలో ఊపిరికి యంత్రం. మాట తిరిగి వచ్చింది గాని తడబడుతుంది. రోజూ పొద్దున ఆమె మణికట్టు పట్టుకుని నిమిషం పాటు నాడి చూస్తాను, వేగం కన్నా లయను గమనిస్తూ. తప్పితే డాక్టరుకు ఫోను చేస్తాను. దిగులు మానుకో అని మాత్రం అనను.

మొన్న చెయ్యి వదలబోతుంటే అక్క మెల్లగా కూడబలుక్కుని అడిగింది: "పిట్ట... ఉందా రా?"

"నిద్రపోతోంది" అన్నాను.