పంగ్వంధ న్యాయము – కొయ్యూరు సంత

ప్రకృతి పురుషుల సంయోగాన్ని వివరించడానికి ఈశ్వరకృష్ణుడు సాంఖ్యకారికలలో, 21వ కారికయందు, ఒక దృష్టాంతాన్ని స్వీకరించాడు. దానికే పంగ్వంధ న్యాయమని ప్రసిద్ధి. గౌడపాద భాష్యంలో అది ఒక చిన్న కథగా కనిపిస్తుంది. అరణ్యమార్గంలో చోరులు పడగా బాటసారుల సమూహం చెదరిపోయింది. బంధువులు విడిచిపోయిన ఒక అంధుడు, ఒక పంగువు యాదృచ్ఛికంగా కలుసుకున్నారు. ఒకరి మాటపై ఒకరికి విశ్వాసం కుదిరిన మీదట అంధుడు పంగువును భుజాన ఎక్కించుకొని, అతడు చూపిన త్రోవను నడిచాడు. ఒకరిది దర్శనశక్తి, మరొకరిది గమనశక్తి.

నేటి సంస్థలలో వ్యాపార విభాగానికీ ఐటీ విభాగానికీ గల సంబంధం సరిగా ఇట్టిదే. ఏది కొనాలో, ఎవరికి ఎప్పుడు సొమ్ము చెల్లించాలో వ్యాపార విభాగం చూడగలదు; యంత్రాన్ని నడిపించలేదు. ఐటీ విభాగం యంత్రాన్ని నడిపించగలదు, సంతను చూడలేదు. అయితే ఈ ఇద్దరి నడుమ విశ్వాసం ఎక్కడ తెగుతుంది? ఈ ప్రశ్నకు సమాధానం ఒక గుమాస్తాకు కొయ్యూరులో దొరికింది.

కొయ్యూరు అల్లూరి సీతారామరాజు జిల్లాలోని మన్యసీమ. నర్సీపట్నం నుంచి కృష్ణదేవిపేట మీదుగా కొండల నడుమకు సాగే త్రోవలో ఉన్నది. 1924 మే 7న సీతారామరాజు నేలకొరిగిన చోటు ఇదే. వేసవిలో ఇక్కడి గిరిజనులు జీడిపిక్కలు, చింతపండు సంతకు తెస్తారు. ఒక వ్యాపార సంస్థ తరఫున కాటా వేసి కొనే గుమాస్తా ఎన్నో ఏళ్లుగా ఖాతా పుస్తకంతోనే పని నడిపాడు. ఒక సంవత్సరం, నగరంలోని ఐటీ విభాగం కొనుగోళ్లను ఫోనులో నమోదు చేసే ఏర్పాటు చేసింది.

ఆ ఏర్పాటు నగరంలో నిర్దోషంగా పనిచేసింది. లోపలి పల్లెల సంతలో మాత్రం సిగ్నల్ లేదు. గుమాస్తా యథాప్రకారం కాగితంపై వ్రాసుకొని, మరునాడు సిగ్నల్ అందే చోటికి వచ్చి అన్నిటినీ ఎక్కించాడు. యంత్రం నమోదైన క్షణాన్నే కొనుగోలు క్షణంగా గ్రహించింది. ఆ ఉదయమే ధర మారింది. చీటీలోని మొత్తానికీ లెక్కలోని మొత్తానికీ పొంతన కుదరక చెల్లింపులు ఆగిపోయాయి. రెండు బస్తాల పిక్కలు పోసిన ఒక వృద్ధురాలు మూడు సంతలు వరుసగా వచ్చి కాటా పక్కన కూర్చుని, వట్టి చేతులతో తిరిగి వెళ్లింది.

రెండు విభాగాలూ పరస్పరం దోషారోపణ చేసుకున్నాయి. “వాళ్లకు సంత తెలియదు” అన్నది ఒక పక్షం. “వాళ్లు సంతకం పెట్టిన పత్రం ప్రకారమే చేశాము” అన్నది రెండవ పక్షం. ఆ పత్రంలో సంతను గురించి ఉన్నది ఒకే వాక్యం: కొనుగోలు నమోదు కావలెను.

చివరకు ఒక యువ ఇంజనీరు నర్సీపట్నంలో బస్సెక్కి వచ్చి, ఒక రోజంతా కాటా వెనుక కూర్చున్నాడు. సాయంకాలం అడిగాడు: “ఇక్కడ సిగ్నల్ ఉండదని ముందే ఎందుకు చెప్పలేదండీ?”

“మీరు అడగలేదు బాబూ.”

ఆ మాట అన్న తరువాత గుమాస్తాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అడగలేదన్నది సత్యమే. కాని ఆయనకు తెలుసు, తెలిసి ఊరకున్నాడు. కొత్త యంత్రం విఫలమైతే పాత పుస్తకం తిరిగి వస్తుందన్న గూఢమైన ఆశ ఆ మౌనంలో ఉన్నది. దానికి మూల్యం చెల్లించినది ఆయన కాదు, ఆ వృద్ధురాలు.

ఇక్కడే శంకర భగవత్పాదుల ఆక్షేపం స్మరణీయం. బ్రహ్మసూత్ర భాష్యంలో, ద్వితీయాధ్యాయ ద్వితీయ పాదంలో, వారు ఈ దృష్టాంతాన్నే పరీక్షించారు. పంగువు నడవలేకపోయినా వాక్కుతో అంధుణ్ణి ప్రవర్తింపజేయగలడు. నిష్క్రియుడు, ఉదాసీనుడు అయిన పురుషుడు ప్రకృతిని ఎట్లు ప్రవర్తింపజేయగలడు? సాంఖ్యులపై ఈ ఆక్షేపం ఎంతవరకు నిలుస్తుందన్నది వేరే చర్చ. లోకవ్యవహారంలో మాత్రం ఇది తిరుగులేనిది. భుజంపై ఎక్కి మౌనంగా కూర్చున్న పంగువు సహాయకుడు కాడు, భారం. ఆరంభంలో ఒకసారి దిక్కు చూపి, పత్రంపై సంతకం చేసి, ఆపైన ఫలితం కోసం వేచి ఉండటం దర్శనం అనిపించుకోదు. అడుగడుగునా పలకాలి. అంధుడు సైతం కాలికి రాయి తగిలినప్పుడు ఆగి అడగాలి, తెలిసినట్లు నడవరాదు.

మరొక సూక్ష్మం ఉన్నది. ఈ పాత్రలు స్థిరమైనవి కావు. సంతలో గుమాస్తా చూస్తాడు. యంత్రాంతర్భాగంలో ఆయనే అంధుడు, ఇంజనీరే ద్రష్ట. గీత పద్దెనిమిదవ అధ్యాయం కర్మసిద్ధికి అధిష్ఠానం, కర్త, కరణం, చేష్టలు, దైవం అనే ఐదు హేతువులను చెప్పి, తానొక్కడే కర్తనని భావించేవాడు యథార్థాన్ని చూడడని హెచ్చరించింది. “మా విభాగం”, “మీ విభాగం” అనే మమకారానికి ఇంతకన్న ఔషధం లేదు.

మరునాడు గుమాస్తా తన మౌనాన్ని ఇంజనీరు ఎదుట ఒప్పుకున్నాడు. ఇంజనీరు కూడా, సిగ్నల్ లేని చోట పరీక్షించవలెనన్న ఆలోచనే తనకు రాలేదని అంగీకరించాడు. ఆపైన పని సులభమైంది. కాటా వేసిన క్షణాన్నీ ఆనాటి ధరనూ ఫోనే దాచుకొంటుంది. సిగ్నల్ అందినప్పుడు పంపుతుంది. ప్రతి సంత మరునాడు ఇద్దరూ ఫోనులో మాట్లాడుకుంటారు. ఏది కుదరలేదో ముందు చెప్పుకుంటారు, ఏది కుదిరిందో తరువాత.

వృద్ధురాలి సొమ్ము చెల్లించబడింది. అయినా తరువాతి సంతలో ఆమె బస్తా మరొక షావుకారు కాటా వద్ద దిగింది. గుమాస్తా పిలువలేదు, చూస్తూ నిలబడ్డాడు.

కథలోని పంగ్వంధులు గమ్యం చేరి విడిపోయారు. సంస్థలలో అట్టి కైవల్యం లేదు. వారం తిరిగేసరికి మళ్లీ సంత, మళ్లీ అదే భుజం, మళ్లీ పలుకవలసిన అదే నోరు.

స్వస్తి.