ఖిల్లా నిలిచింది, కర్ర కరువైంది

పుదుచ్చేరిలో కోసపాళయం బొమ్మల పేట. ఫ్రెంచి వీధుల పసుపు గోడల కోసం, సముద్రపు గాలి కోసం వచ్చే యాత్రికులు అటు పెద్దగా రారు. నవరాత్రులు దగ్గరపడుతున్నాయంటే మాత్రం ఊరివాళ్లు కొలువు బొమ్మల కోసం ఆ పేటను వెతుక్కుంటూ వస్తారు. మట్టి బొమ్మ, కాగితపు గుజ్జు బొమ్మ, ప్లాస్టర్ బొమ్మ మూడూ అక్కడ తయారవుతాయి. ఆ పేట తెలిసినవాణ్ణని సంపాదకులు కొండపల్లి వెళ్లి రాయమన్నారు. వారు అడిగింది కొండ మీది ఖిల్లా గురించి, చరిత్ర ఉన్న ఒక చిన్న కొండ ఊరిని యాత్రికుడు ఎలా చూడాలన్న దాని గురించి. రెండు చోట్లనూ పక్కపక్కన పెట్టి చూశాక నాకు చెప్పాలనిపించింది వేరే. కొండపల్లిలో మనం రాయిని కాపాడుకుంటున్నాం, కర్రను వదిలేశాం. కర్ర పోయిన రోజున ఆ ఊరికి మిగిలేవి గోడలే.

ఖిల్లా గొప్పదే, అందులో సందేహం లేదు. రెడ్డిరాజులు, గజపతులు, కృష్ణదేవరాయలు, కుతుబ్‌షాహీలు వంతులవారీగా ఈ కొండను ఏలారు. 1753లో నిజాం సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులను ఫ్రెంచివారికి ఇచ్చినప్పుడు వాటిలో ముస్తఫానగర్ అనే కొండపల్లి సర్కారు కూడా ఉంది. ఫ్రెంచి సేనాని బుస్సీ సేనల ఖర్చుకని ఇచ్చిన సర్కారులవి. అప్పుడు పుదుచ్చేరిలో గవర్నరు డూప్లే. 1759లో మచిలీపట్నం ఇంగ్లీషువారి వశమైంది, 1766లో జనరల్ కైలాడ్ ఈ కోటను పట్టుకున్నాడు. ఇంత చరిత్ర ఉన్న కోటకు ఇటీవలి సంవత్సరాల్లో మరమ్మతులు చేశారు, దారి వేశారు, దీపాలు పెట్టారు. మంచి పనే. కానీ ఏలినవారి జాబితా ఎంత పొడవున్నా కొండపల్లి పేరును తెలుగు ఇళ్లలోకి తెచ్చింది ఆ రాజుల్లో ఎవరూ కాదు. కృష్ణా తీరంలో సంక్రాంతి బొమ్మల కొలువు పెట్టే ఇంట్లో కొండపల్లి అనగానే గుర్తొచ్చేది అంబారీ ఏనుగు, దశావతారాలు, తాటిచెట్టెక్కుతున్న గీత కార్మికుడు, ఎడ్లబండి. ఊరికి పేరు తెచ్చింది కొండ దిగువన బొమ్మల కాలనీలో పనిచేసే చేతులు. వాటికి పని ఇచ్చింది ఆ కొండల్లో పెరిగిన తెల్లపొణికి చెట్టు.

ఆ చేతుల దగ్గర కాసేపు నిలబడితే ఈ మాట ఎందుకంటున్నానో తెలుస్తుంది. కర్రముక్క మీద ఉలి దిగుతుంటే చప్పుడు దాదాపు ఉండదు. తెల్లపొణికి అంత మెత్తన, అంత తేలిక. కానీ పచ్చి కర్ర పనికిరాదు. సన్నటి సెగ మీద కాచి, లోపలి తేమ పోయేదాకా ఆరబెట్టాకే ఉలి పడుతుంది. ఏనుగును ఒకే దుంగలో చెక్కరు. ఒళ్లు వేరు, తొండం వేరు, చెవులు వేరు, పైన అంబారీ వేరు. అన్నీ విడివిడిగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. తొండం మొదట్లో బొటనవేలితో మక్కు నొక్కి, తడివేలితో చుట్టూ సవరిస్తే అతుకు ఎక్కడుందో పట్టుకోలేం. ఆ పొట్టు అదే కర్రది కావడంతో మక్కు బొమ్మలో కలిసిపోతుంది. తర్వాత సున్నం పూత, ఆ పైన మేక వెంట్రుకల కుంచెతో రంగు. కనుబొమ గీసేటప్పుడు చిటికెనవేలు బొమ్మ బుగ్గకు ఆనుతుంది, మణికట్టు కదలదు, వేళ్లు మాత్రమే కదులుతాయి. ఈ పనిలో ఏ మెట్టు చూసినా కర్ర స్వభావాన్ని బట్టి పుట్టిందే. మెత్తన కాబట్టి చిన్న ఉలితో సన్నపు నగిషీ సాధ్యమైంది. తేలిక కాబట్టి ముక్కల అతుకు నిలుస్తుంది. ఈ విద్యకు ఆ చెట్టే ఆధారం, దాన్ని తీసేసి విద్యను మాత్రం మిగుల్చుకోవడం కుదరదు.

కాలనీలో ఎవరిని కదిపినా వినపడే ఫిర్యాదు కూడా ఆ చెట్టు గురించే. కర్ర దొరకడం లేదు, దొరికినా దూరం నుంచి రావాలి, వచ్చినా ధర ఎక్కువ. దీనికి కారణాలు వెతకడానికి ఎక్కడికో పోనక్కర్లేదు. తెల్లపొణికి ఎండు కొండల్లో, రాళ్ల నేలలో పెరిగే చెట్టు. దాని గింజ పెంకు గట్టిది, తేలిగ్గా మొలకెత్తదు. కొట్టిన చోట మళ్లీ తనంతట తాను లేవడం అరుదు. తరాల తరబడి కొట్టారే తప్ప నాటడమన్నది ఎవరి పనీ కాలేదు. అడవి రిజర్వు అయ్యాక కొట్టడం మీద ఆంక్షలు వచ్చాయి, నాటే పని మాత్రం ఆ మేరకు జరగలేదు. ఇక కొండలు కూడా ఇదివరకటిలా లేవు. పక్కనే ఇబ్రహీంపట్నంలో బొగ్గు విద్యుత్ కేంద్రం 1979 నుంచి నడుస్తోంది. చుట్టూ పరిశ్రమలు పెరిగాయి. 2020 ప్రాంతంలో కొండపల్లి అడవిలో అక్రమ గ్రావెల్ తవ్వకాల గొడవ జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. కట్టెల మోపుకు అడ్డుపడే చట్టం కళ్లముందే గుట్టలు తరలిపోతుంటే మెల్లగా కదిలిందంటే, లోపం చట్టంలో ఉందనుకోలేం. ఆ కొండ బొమ్మకు పుట్టిల్లన్న స్పృహ పాలనలో ఎక్కడా లేదు.

బొమ్మలకు గిరాకీ లేక ఈ పని వెనకబడిందని, మార్కెట్ దొరికితే అదే బాగుపడుతుందని ఒక వాదన ఉంది. పదేళ్ల కిందట ఆ మాటలో కొంత నిజం ఉండేదేమో. ఈమధ్య గిరాకీ వైపు ప్రభుత్వం చాలానే చేసింది. కొండపల్లి బొమ్మకు భౌగోళిక సూచిక గుర్తింపు ఉంది. 2020లో విదేశీ బొమ్మల మీద దిగుమతి సుంకం 20 శాతం నుంచి 60 శాతానికి పెరిగింది. బొమ్మల నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు 2021 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చినప్పుడు భౌగోళిక సూచిక ఉన్న బొమ్మలకు, నమోదైన హస్తకళాకారులకు మినహాయింపు ఇచ్చారు. అంతకుముందు 2020 ఆగస్టులో ప్రధాని రేడియో ప్రసంగంలో దేశంలోని బొమ్మల ఊళ్ల మధ్య కొండపల్లి పేరు కూడా వచ్చింది. ఇవన్నీ అమ్మకాన్ని పెంచే చర్యలు. గిరాకీ పెరిగి కర్ర పెరగకపోతే అయ్యేది ఒకటే. ఉన్న కొద్ది చెట్ల మీద ఒత్తిడి పెరుగుతుంది, కర్ర ధర చుక్కలనంటుతుంది, చిన్న కుటుంబాలు పని మానుకుంటాయి. భౌగోళిక సూచిక బొమ్మ పేరుకు కాపు కాస్తుంది, బొమ్మ పుట్టే చెట్టుకు కాదు. ఆ తేడా గమనించకుండా ఎన్ని పథకాలు పెట్టినా అవి కొట్టు దగ్గర ఆగిపోతాయి, అడవి దాకా వెళ్లవు.

రెండో వాదన ఇంకా బలమైనది. పొణికి దొరక్కపోతే ఇంకో కర్ర, అదీ లేకపోతే ఇంకో పదార్థం వాడుకోవచ్చు కదా, కళ చేతిలో ఉంటుంది గాని కర్రలో ఉంటుందా అంటారు. దీనికి జవాబు కోసపాళయంలో ఉంది. మట్టి బొమ్మ అంటే మంచి మన్ను తెచ్చి, నలగ్గొట్టి, జల్లించి, తొక్కి, అచ్చుకు వత్తి, నీడలో ఆరబెట్టి, కాల్చాలి. ఎండ ఎక్కువైతే పగులుతుంది, తడి మిగిలితే ఆవంలో పేలుతుంది. ఎంత ఎండలో పెట్టాలో, ఎప్పుడు తిప్పాలో తెలియడమే అక్కడి విద్య. చెరువు మన్ను తెచ్చుకోవడం కష్టమవుతున్న కొద్దీ ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ ముందుకొచ్చింది. నీళ్లలో కలిపి రబ్బరు అచ్చులో పోస్తే అరగంటకే బొమ్మ చేతికొస్తుంది. ముఖం అదే, రంగులు అవే, అమ్మకమూ బాగానే ఉంటుంది. కానీ ఆ బొమ్మను కోసపాళయంలోనే చేయాల్సిన అవసరం ఏముంది? ప్లాస్టర్ బస్తా, రబ్బరు అచ్చు ఉన్న ఏ ఊళ్లోనైనా అదే బొమ్మ తయారవుతుంది, ఎక్కువ సంఖ్యలో, తక్కువ ధరకు. తరాలుగా సంపాదించిన తెలివికి అక్కడ చోటు లేదు. 2020లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నిమజ్జన విగ్రహాలకు ప్లాస్టర్ వాడొద్దని మార్గదర్శకాలు ఇచ్చాక మళ్లీ మట్టి మాట వినపడుతోంది. అయితే మట్టికి తిరిగి వెళ్లాలంటే మట్టి తెలిసిన చేతులు మిగిలి ఉండాలి. పదార్థం మారితే బతుకుతెరువు ఇంకొంత కాలం సాగవచ్చు, ఊరికున్న ప్రత్యేకత మాత్రం పోతుంది. కొండపల్లికి మరో పదార్థం వాడమని సలహా ఇచ్చేవారు ముందు కోసపాళయాన్ని చూడాలి.

మూడో అభ్యంతరం అడవి తరఫున వస్తుంది. మిగిలిందే కొద్ది అడవి, అందులోంచి బొమ్మల కోసం చెట్లు కొట్టమంటారా అని. కొట్టమనడం లేదు. ఆ అడవిని ముట్టుకోకూడదన్నది సరైన మాటే. పొణికి రిజర్వు అడవిలోనే పెరగాలని మాత్రం ఎక్కడా లేదు. బీడు భూములు, పరిశ్రమల ఆవరణలు, రోడ్ల పక్కన, చెరువు గట్ల మీద దానికి చోటుంది. నిజానికి బొమ్మ కోసం బయట పెంచడమే అడవిలోని చెట్టుకు రక్ష. తెలంగాణలోని నిర్మల్ బొమ్మకూ ఇదే కర్ర కావాలి. అంటే ఇది ఒక్క ఊరి బెడద కాదు, రెండు రాష్ట్రాల అటవీ శాఖలు కలిసి చేపట్టదగ్గ పని. గింజ మొలకెత్తించే పద్ధతి, నర్సరీ, నాటిన మొక్కను కొన్నేళ్లు కాపాడటం రోజు కూలి మీద బతికే బొమ్మల కుటుంబం వల్ల అయ్యేవి కావు. పదార్థం మీద దృష్టి పెడితే ఫలితం ఉంటుందనడానికి తెలుగు నేల మీదే రుజువు ఉంది. ఏటికొప్పాకలో అంకుడు కర్ర లక్క బొమ్మలకు రసాయన రంగులు మాని, చెట్ల నుంచి తీసే సహజ రంగులను మళ్లీ తెచ్చారు. పిల్లలు నోట్లో పెట్టుకున్నా భయం లేని బొమ్మగా దానికి కొత్త విలువ వచ్చింది. ఆ కృషికి సి.వి.రాజుగారికి 2023లో పద్మశ్రీ దక్కింది. అక్కడ మొదట జరిగింది ప్రచారం కాదు, ముడిసరుకు గురించిన ఆలోచన.

చివరిగా, కాలం మారింది, పిల్లలు చదువుకుని ఉద్యోగాలకు పోతున్నారు, ఆగిపోయే పనిని ప్రజాధనంతో ఎందుకు నిలబెట్టాలి అనే ప్రశ్న. పిల్లలు చదువుకోవాలి, ఇష్టమైన పని చేసుకోవాలి, దాన్ని కాదనే హక్కు ఎవరికీ లేదు. అయితే ఇష్టం లేక మానడం వేరు, కర్ర అందక మానాల్సి రావడం వేరు. రెండోది వాళ్లు ఎంచుకున్నది కాదు, మన నిర్లక్ష్యం వాళ్ల నెత్తిన పడటం. ఇక ప్రజాధనం మాటకొస్తే, ఏ రాజూ లేని కోటకు మనం డబ్బు ఖర్చు పెడుతున్నాం, పెట్టాలి కూడా. మరి పనిచేస్తున్న మనుషులున్న కళకు ఒక మొక్కల తోట ఎక్కువ ఖర్చా? ఆర్యక్షత్రియులుగా చెప్పుకునే ఈ కళాకారులు తమ పెద్దలు శతాబ్దాల కిందట రాజస్థాన్ నుంచి వచ్చారంటారు. వచ్చినవారు ఇక్కడే స్థిరపడటానికి కోట ఆదరణ ఒక కారణమైతే, చుట్టుపక్కల ఈ చెట్టు ఉండటం ఇంకో కారణం అనుకోవడంలో తప్పు లేదు. కోట ఆదరణ ఎప్పుడో ముగిసింది. చెట్టూ పోతే వారు ఇక్కడ ఉండటానికి కారణమే ఉండదు.

కాబట్టి చరిత్ర ఉన్న కొండ ఊరిని చూడటమంటే కొండ మీది రాళ్లనూ, కొండ వాలు మీది చెట్లనూ, కొండ కింది చేతులనూ ఒకే ఆస్తిగా చూడటం. ఇప్పుడు వాటిని మూడు శాఖలకు పంచాం. కోట పురావస్తు శాఖది, అడవి అటవీ శాఖది, బొమ్మ హస్తకళలది. ఒకరి లెక్కలో ఇంకొకరి నష్టం కనపడదు. కోట సందర్శన మీద వచ్చే ఆదాయంలో ఒక వంతు ఏటా పొణికి మొక్కలకు కేటాయించాలి, నాటిన చోటు, బతికిన మొక్కల సంఖ్య కోట వాకిట్లోనే బోర్డు మీద రాయాలి, పెరిగిన కర్రను ముందుగా కాలనీ కుటుంబాలకే సరసమైన ధరకు ఇవ్వాలి. ఇందులో కొత్త చట్టమేదీ అక్కర్లేదు, మూడు శాఖలు ఒక బల్ల దగ్గర కూర్చుంటే చాలు. యాత్రికుడు కూడా బొమ్మ ధర అడిగేటప్పుడు కర్ర ఎక్కణ్ణుంచి వస్తోందని అడగాలి. పదిమంది అడిగితే అమ్మేవాళ్లు చెబుతారు, వందమంది అడిగితే అధికారులు వింటారు. ఇవాళ నాటిన మొక్క ఉలి కిందికి రావడానికి ఏళ్లు పడుతుంది. అందాకా ఆ విద్య తెలిసినవారు మిగిలి ఉండాలంటే ఆలస్యం చేసే వెసులుబాటు మనకు లేదు.