డీజిల్ లేని రోజు

2024 జనవరి 2న హైదరాబాద్‌లో ఒక డెలివరీ కుర్రాడు గుర్రమెక్కి భోజనం పార్సిల్ అందించడానికి బయల్దేరాడు. లారీ, ట్యాంకర్ డ్రైవర్ల సమ్మెతో పెట్రోలు బంకుల ముందు బారులు తీరిన రోజది. ఆ వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. మా తాతయ్యకు చూపిస్తే నవ్వారు. "అన్నం గుర్రం మీద వస్తుంది సరే, ఆ బియ్యం పండే పొలం ఎవరు దున్నుతార్రా?" అన్నారు.

తాతయ్య అలా అనడానికి కారణం ఉంది. పార్వతీపురం దగ్గర మా పల్లెలో ఆయనకు మూడెకరాల పొలం, ఒక జత ఎడ్లు ఉన్నాయి. ఊరంతటికీ ఇక మిగిలింది ఇలాంటి నాలుగు జతలే. మోకాళ్ల నొప్పులతో ఎందుకీ కష్టం, అమ్మేసి ట్రాక్టరు కిరాయికి పెట్టుకోమని నాన్న అంటారు. ప్రాణం ఉండగా అమ్మనని తాతయ్య. చివరికి ఇద్దరూ "నువ్వే లెక్క తేల్చు" అని నాకు అప్పగించారు.

నేనుండేది టాటానగర్‌లో. ఇది ఇంజన్ల ఊరు. 1945లో మొదలైన టెల్కో ఇక్కడ ముందు రైలింజన్లు చేసింది, 1954 నుంచి లారీలు చేసింది. అందుకే ముందు ఇంజన్ లెక్కే చూశాను. ఇంజన్ బలాన్ని హార్స్‌పవర్‌లో కొలుస్తాం. ఆవిరి యంత్రాన్ని గుర్రంతో పోల్చి జేమ్స్ వాట్ పెట్టిన కొలత అది. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు. మన వైపు పొలం దున్నేది గుర్రం కాదు, ఎద్దు. దాని బలం సుమారు అర హార్స్‌పవర్. అంటే జత ఎడ్లు కలిస్తే ఒకటి. 35 హార్స్‌పవర్ ట్రాక్టరు ముందు అవెంత? ఎడ్లకు రోజు దాటే పనిని ట్రాక్టరు గంటా రెండు గంటల్లో ముగిస్తుంది. ఇక్కడ నాన్న గెలిచారు.

తిండి లెక్కలోనూ ఎడ్లకు ఒక లోపం ఉంది. ట్రాక్టరు పని లేనప్పుడు చుక్క డీజిల్ తాగదు. ఎడ్లకు పనున్నా లేకున్నా ఏడాది పొడుగునా మేత వెయ్యాలి. 1920 ప్రాంతంలో అమెరికాలో సుమారు రెండున్నర కోట్ల గుర్రాలు, కంచర గాడిదలు ఉండేవి. వాటి మేత కోసమే ఎంతో భూమి సాగు చేయాల్సి వచ్చేది. మన ఎడ్లు తినేది వరి కోశాక మిగిలిన గడ్డి. పైగా పేడ తిరిగి పొలానికే పోతుంది. కానీ కరువొస్తే గడ్డీ దొరకదు. అది ఎడ్ల డీజిల్ కొరత!

మరి డీజిలే దొరక్కపోతే? 1979లో ఇరాన్ విప్లవం తర్వాత చమురు కొరత వచ్చినప్పుడు తాతయ్య పాతికేళ్ల వారు. ఊళ్లో ఉన్న ఒకే ఒక్క ట్రాక్టరు ఖాళీ పీపా పక్కన నిలబడిపోయిందట. ఆ ఏడు దేశంలో వానలూ తక్కువే. పడ్డ కాస్త వానకే దమ్ము చెయ్యకపోతే నారు ముదిరిపోతుంది. ట్రాక్టరు ఆసామే వచ్చి ఎడ్లు అడిగి తీసుకెళ్లాడట.

క్యూబా దేశంలో 1991 తర్వాత ఇలాగే జరిగింది. సోవియట్ యూనియన్ కూలిపోయి చమురు రావడం తగ్గింది, ట్రాక్టర్లు ఆగిపోయాయి. రైతులు మళ్లీ ఎడ్లు కట్టారు. అయితే ఎడ్లకు పని నేర్పడం తెలిసిన పాతకాలం రైతులు ఉండబట్టే కొత్తవాళ్లు నేర్చుకోగలిగారు.

నాకు అసలు లెక్క అక్కడ దొరికింది. సమ్మె ఆగితే డీజిల్ మళ్లీ వస్తుంది. ఎడ్లు అలా రావు. దూడ కాడి మోయడానికి మూడేళ్లు పడుతుంది. నాగలి చెక్కే వడ్రంగి కావాలి. ఏ ఎద్దును వలపట కట్టాలో, దేన్ని దాపట కట్టాలో తెలిసిన మనిషి కావాలి. ఆ మనిషే పోతే ఎడ్లు ఉన్నా లాభం లేదు.

అందుకని నా తీర్పు ఇలా చెప్పాను. దుక్కికి, దమ్ముకు ట్రాక్టరు పెట్టుకోవాలి. బండికి, ఎరువు తోలడానికి, చిన్న పనులకు ఎడ్లు ఉండాలి. పెదనాన్న కొడుకు తాతయ్య దగ్గర అరక కట్టడం నేర్చుకోవాలి. నాన్న ఒక్క ఏడాది గడువిచ్చారు. ఈలోగా అన్నయ్య నేర్చుకోకపోతే ఎడ్లు సంతకు పోతాయి. ఇప్పటికి ఆరు నెలలయింది. అన్నయ్య చాలు ఇంకా వంకరగానే వస్తోందని తాతయ్య ఫోన్‌లో చెప్పారు, అయినా ఆయన గొంతులో సంతోషం ఉంది.

మనలాంటి పిల్లలం మూడు నాలుగేళ్లకో ఊరు మారుతుంటాం. సామాను లారీలో వచ్చేస్తుంది గాని, తాతల చేతిలోని పని రాదు. ఈ వేసవి సెలవులకు మీ ఊరెళ్తే, అక్కడ ఇంకా ఎవరికి ఏ పని తెలుసో అడిగి చూడండి.